మీ కారు మీద మేము ఉండనిచ్చే గీతల గురించి

ఇకపై మా కారు పాలిష్ షాపులో "గీతలన్నీ పోతాయి" అనే మాట మీకు వినిపించదు. పని మొదలుపెట్టే ముందే మీతో కలిసి కారు చుట్టూ తిరుగుతాం. ఏ గీత పూర్తిగా పోతుందో, ఏది పలచబడుతుందో, ఏది ఉన్నచోటే ఉండిపోతుందో చూపించి, కాగితం మీద రాసి ఇస్తాం. మీరు సరే అన్నాకే మెషీన్ చేతిలోకి తీసుకుంటాం. ఈ పరీక్షకు డబ్బు తీసుకోం.

ఈ పద్ధతి నచ్చక కొందరు కారును వెనక్కి తీసుకెళ్లిపోయారు. అన్ని గీతలూ తీసేస్తామని వేరేచోట చెప్పారని ఫోను చేసి మరీ చెప్పారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. డబ్బు పెట్టేవాళ్లు పని పూర్తిగా కావాలని కోరుకోవడం న్యాయమే. అయితే అన్ని గీతలూ తీయాలంటే కారు మీద నుంచి ఏం పోతుందో మీకు తెలియాలి. అది తెలిశాక నిర్ణయం మీదే.

మీరు చూసే రంగుకు పైన, రంగులేని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాన్నే క్లియర్ కోట్ అంటారు. దాని కింద రంగు ఉన్న బేస్ కోట్, ఆ కింద ప్రైమర్, అన్నిటికన్నా అడుగున తుప్పు పట్టకుండా కాపాడే పూత, ఆ తర్వాత లోహం. ఫ్యాక్టరీలో వేసిన ఈ పొరలన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, మీ కారు నిగనిగ అంతా సగం వెంట్రుక పైచిలుకు మందంలో ఉందన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రంగు వెలిసిపోకుండా అడ్డుకునేది కూడా ఈ పొరే.

పాలిష్ చేస్తే గీత పూడుతుందని చాలామంది అనుకుంటారు. పూడదు. గీత లోతు ఎంత ఉందో, దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అంత వరకూ అరగదీస్తాం. గీత అడుగు, చుట్టుపక్కల ఉపరితలం ఒకే మట్టానికి వచ్చినప్పుడు గీత కనిపించడం మానేస్తుంది. అంటే గీత పోయిన ప్రతిసారీ దానితో పాటు పొర కూడా కొంత పోయింది. తేలికపాటి పాలిష్‌తో అయితే ఒక మైక్రాన్ అటూ ఇటూ పోతుంది. గరుకు కాంపౌండుతో (పొరను ఎక్కువగా అరగదీసే ముద్దలాంటి మందు), ఉన్ని ప్యాడ్‌తో రుద్దితే ఒక్క విడతకే కొన్ని మైక్రాన్లు పోతాయి. నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో రుద్దితే ఇంకా ఎక్కువ. పోయిన పొరను తిరిగి తెచ్చే పాలిష్ ఏదీ లేదు. మళ్లీ పెయింటు వేయించడం ఒక్కటే దారి.

ఈమధ్య చేసిన ఒక పని చెబితే విషయం బాగా తెలుస్తుంది. ముదురు నీలం కారు. యజమాని దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. కుడివైపు ముందు డోర్ నుంచి వెనక డోర్ దాకా ఎవరో తాళంచెవితో గీసిన పొడవాటి గీత. బానెట్ మీద ఎండ పడితే వలయాలు వలయాలుగా సన్నగీతలు. డోర్ హ్యాండిళ్ల వెనక, వేళ్లు దూరే గుంటల్లో గోళ్ల గీతలు. ఆయన అడిగింది ఒకటే: "కొత్తదానిలా కావాలండీ."

ముందు కారును కడిగి ఆరబెట్టాం. మురికి మీద ఏ గీతనూ అంచనా వేయలేం. తర్వాత ఆయన్నే గోరు ఆనించి తాళంచెవి గీతకు అడ్డంగా లాగి చూడమన్నాం. వెనక డోర్ మీద గోరు జారిపోయింది. ముందు డోర్ మీద, హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి టక్కున ఆగింది. గీత మీద నీటి చుక్క వేస్తే వెనక డోర్ మీది గీత మాయమైంది, ఆరగానే మళ్లీ తేలింది. అలా మాయమైతే దెబ్బ క్లియర్ కోట్ దాటి లోపలికి వెళ్లలేదని లెక్క. హ్యాండిల్ దగ్గర మాత్రం తడిలో కూడా తెల్లటి దారం లాగా కనిపిస్తూనే ఉంది. అక్కడ గీత రంగును దాటి ప్రైమర్‌ను తాకింది. ఇక అక్కడ ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. చుట్టూ ఉన్న రంగు కూడా పోయి, గీత ఉన్నచోట మచ్చ మిగులుతుంది.

తర్వాత పెయింటు మందం కొలిచే మీటరు పెట్టాం. చాలా భాగాల మీద 110, 115 మైక్రాన్లు చూపింది. వెనక డోర్ మీద 240 దాటింది. అంటే ఆ డోర్‌కు గతంలో మళ్లీ పెయింటు వేశారు. ఆ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఎక్కువ మందం ఉంది కదా, ధైర్యంగా రుద్దవచ్చు అనిపిస్తుంది. అది నిజం కాదు. మా దగ్గరున్న మీటరు అన్ని పొరలనూ కలిపి ఒకే అంకె చెబుతుంది. అందులో క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. షాపులో వేసిన పెయింటులో ప్రైమరే మందంగా ఉండి, పైపొర పలచగా ఉండవచ్చు. అందుకే ఆ డోర్ మీద ఇంకా నెమ్మదిగా పనిచేశాం.

లోహపు రేణువులను కరిగించే ద్రావణం కొట్టినప్పుడు బానెట్ మీద ఊదారంగు చారలు కారాయి. బ్రేకుల నుంచి ఎగిరి పెయింటులో దిగబడిన ఇనుప రజను అది. మిగిలిన గరుకును క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకుని లాగే బంకమట్టి లాంటి ముద్దతో తీశాం. ఈ రెండు పనులూ చేయకుండా మెషీన్ పెడితే ఆ రజనే ప్యాడ్ కింద చేరి కొత్త గీతలు పెడుతుంది. డోర్ల అంచులకు, బానెట్ మీద ఉబ్బుగా ఉండే మడత గీతలకు టేపు అంటించాం. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది, మెషీన్ ఒత్తిడి అంతా అక్కడే పడుతుంది.

ఆ తర్వాతి పని మీకు విసుగు పుట్టించవచ్చు గాని, మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. బానెట్ మీద రెండు జానల జాగా తీసుకుని, మా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మెత్తని ప్యాడ్, అన్నిటికన్నా తేలికైన పాలిష్‌తో మొదలుపెట్టాం. గీతలు ఎంతవరకు పోయాయో చూసి, చాలకపోతేనే ఒక్క మెట్టు పైకి వెళ్లాం. తేలికైన మందుతో పోయే గీతకు గట్టి కాంపౌండు పెట్టడం మీ పొరను ఊరికే పారబోయడమే. పని త్వరగా అవుతుంది, అందుకే చాలాచోట్ల అలా చేస్తారు.

బానెట్ మీది వలయాలు పూర్తిగా పోయాయి. అసలు అవి వలయాలు కావు. అన్ని వైపులకూ అడ్డదిడ్డంగా పడిన సన్నగీతలు. వాటిలో వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి సూర్యబింబం చుట్టూ గుండ్రంగా తిరిగినట్టు కనిపిస్తాయి. వెనక డోర్ మీది గీత జాడ లేకుండా పోయింది. ముందు డోర్ మీద చాలావరకు పోయి, హ్యాండిల్ దగ్గర చిటికెన వేలంత పొడవున మిగిలింది. "ఇంకొంచెం రుద్దితే పోదా అండీ?" అని ఆయన అడిగారు. పోదని చెప్పి, డోర్ పక్కన స్టిక్కర్ మీదున్న కలర్ కోడ్ ప్రకారం టచప్ పెయింటు తెప్పించి, సన్నటి కుంచెతో ఆ గాడిలో పలచగా పొరలు పొరలుగా నింపాం. దగ్గరికి వెళ్లి చూస్తే కనిపిస్తుంది. నాలుగు అడుగుల దూరం నుంచి కనిపించదు. ఆయన దగ్గరికి వెళ్లి చూసి, కాసేపు ఆలోచించి, ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోయి ఉంటే ఆ డోర్‌కు కొత్తగా పెయింటు వేయించుకోమని చెప్పి పంపేవాళ్లం.

ఇక మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట. మసిపూసి మారేడుకాయ చేసే పద్ధతి మా వృత్తిలో చాలా ఉంది. కొన్ని గ్లేజుల్లో, పాలిషుల్లో నూనెలు, గీతలను తాత్కాలికంగా పూడ్చే పదార్థాలు ఉంటాయి. పూసిన రోజు కారు అద్దంలా ఉంటుంది. కొన్ని సార్లు కడిగేసరికి గీతలన్నీ తిరిగి వస్తాయి. అప్పుడు కస్టమరు "నేనే సరిగ్గా చూసుకోలేదేమో" అని తనను తాను తప్పుపట్టుకుంటారు. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. అందుకే పాలిష్ అయిపోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో నూనె అంతా తుడిచేసి, వ్యాక్స్ పూయకముందే మిమ్మల్ని పిలిచి చూపిస్తాం. మీరు ఎక్కడ పని చేయించినా సరే, వ్యాక్స్ పూయకముందు ఒకసారి చూపించమని అడగండి. ఆ హక్కు మీకుంది.

ఉదయం ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లే పాలిష్ కూడా ఆపేశాం. ఒక్కో భాగం చల్లబడేదాకా ఆగాలి, తుడిచి లైటు పెట్టి చూడాలి, అవసరమైతే మళ్లీ చేయాలి. ప్లాస్టిక్ బంపర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లోహంలా అది వేడిని పక్కకు పంపలేదు, మెషీన్ ఒకేచోట ఆగితే పెయింటు కాలుతుంది. పైగా మేము వాడే మీటరు లోహం మీదే పనిచేస్తుంది కాబట్టి బంపర్ మీద ఎంత పొర మిగిలిందో చెప్పే సాధనం కూడా మాకు లేదు.

ప్రతి ఏడాదీ కారంతా కాంపౌండు పట్టించమని వచ్చేవారిని కూడా వెనక్కి పంపుతున్నాం. దీనివల్ల మా ఆదాయం తగ్గింది, ఆ మాట దాచను. కానీ కొసరు మెరుపు కోసం అసలుకే మోసం తెచ్చే పని చేసి డబ్బు తీసుకోవడం మాకు ఇష్టం లేదు. క్లియర్ కోట్ బాగా పలచబడిన కారు మీద కొన్నాళ్లకు తెల్లటి పొట్టు లేస్తుంది. ముందుగా రూఫ్ మీద, బానెట్ మీద. ఆ దశలో ఏ పాలిషూ పనికిరాదు. ఇకపై ప్రతి కారుకూ పని ముందు, తర్వాత తీసుకున్న కొలతలతో ఒక కార్డు ఇస్తాం. భద్రంగా ఉంచుకోండి. మళ్లీ వచ్చినప్పుడు మాకూ, వేరేచోటికి వెళితే వాళ్లకూ పనికొస్తుంది.

పెయింటు మీద పూసే పారదర్శకమైన రక్షణ పూత, సిరామిక్ కోటింగ్ గురించి చాలామంది అడుగుతున్నారు. వేస్తాం. నీళ్లు నిలవవు, మురికి సులువుగా పోతుంది, పక్షి రెట్టల్లాంటి వాటినుంచి కొంత వ్యవధి దొరుకుతుంది. గీతలు పడకుండా మాత్రం ఆపదు. దాని మందం చాలావరకు ఒకటి రెండు మైక్రాన్లే. డబ్బా మీద కనిపించే 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనంతో చేసే పరీక్ష కొలత. వజ్రానికి దగ్గరి గట్టిదనమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. గీతలున్న పెయింటు మీద కోటింగ్ వేస్తే ఆ గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి. తాళంచెవి గీతల్లాంటి వాటికి కాస్తయినా అడ్డుపడేది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పారదర్శకమైన ఫిల్మ్. దాని ఖర్చు వేరు. అందరికీ అవసరం కూడా లేదు.

మా దగ్గరికి వచ్చే సన్నగీతల్లో ఎక్కువ భాగం తుడవడం వల్ల పడినవే. పొడి దుమ్ము మీద పొడి గుడ్డ పెట్టి తుడిస్తే ప్రతి ఇసుక రేణువూ ఒక గీత గీస్తుంది. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించండి. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి మరో బకెట్ పెట్టుకుని పైనుంచి కిందికి కడగండి. చక్రాలకు వాడిన గుడ్డను బానెట్ మీదికి రానివ్వకండి. కిందపడిన గుడ్డను ఉతక్కుండా వాడకండి. రెట్ట ఎండిపోతే గోకకుండా తడిగుడ్డ కాసేపు వేసి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి.

కారు తెచ్చేముందు వ్యాక్స్, మెరుపు స్ప్రేలు ఏవీ కొట్టకండి. గీతల అసలు లోతు మాకు కనిపించాలి. ఏదైనా భాగానికి పెయింటు వేయించి ఉంటే దాచకుండా చెప్పండి. అది ఈమధ్యే అయితే పెయింటు పూర్తిగా గట్టిపడేదాకా దాని మీద కోటింగ్ వేయం. తేదీ చెబితే ఎప్పుడు రావాలో మేమే చెబుతాం. కారు ఇవ్వడానికీ, తిరిగి తీసుకోవడానికీ పగటిపూటే రండి. మా లైట్ల కింద చూసి సరిపెట్టుకోకుండా, బయట ఎండలోకి తీయించి అన్ని వైపులా చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.