ముందు ఫ్రేము చూడు, తర్వాతే గేర్లు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందిన రాత్రే జవాబు రాయడానికి కూర్చున్నాను. నువ్వు రోడ్డు సైకిలు కొంటున్నావంటే నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను. ఒకదానికి షిమానో కంపెనీ సోరా గేర్లు, చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులు. రెండోదానికి అదే కంపెనీ క్లారిస్ గేర్లు, చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకులు. ధర ఇంచుమించు ఒకటే, ఏది తీసుకోమంటావని అడిగావు. రెండోదే తీసుకో. వెనక తొమ్మిదికి బదులు ఎనిమిదే గేర్లని దిగులుపడకు. గేర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రిమ్ బ్రేకుల కోసం చేసిన ఫ్రేముకు డిస్కు బ్రేకు బిగించే చోటే ఉండదు.

నా మొదటి సైకిలును గేర్లు చూసి మురిసిపోయి కొన్నాను. గతుకుల దారిలో అరచేతులు తిమ్మిరెక్కుతుంటే, 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు తీయించి 28వి వేయించాను. ఇంటికొచ్చి చూస్తే వెనక టైరు ఫ్రేముకు ఒరుసుకుని, వేలిగోరంత మేర రంగు లేచిపోయి లోహం మెరుస్తోంది. ప్రాణం ఉసూరుమంది. మళ్లీ పాత టైర్లే వేసుకున్నాను.

అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు 5 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల బోల్టు తాళం) ఒకటి జేబులో వేసుకో. 28 టైరుకూ ఫ్రేముకూ మధ్య అది రెండు పక్కలా దూరిందంటే, రేపు 32 వేసినా పక్కకు దాదాపు 3 మిల్లీమీటర్లు మిగులుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర కూడా చూడు.

ఇంకొకటి, వెనక హబ్బు, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం. పదకొండు గేర్ల షిమానో హబ్బు మీద 1.85 మిల్లీమీటర్ల వాషరు వేసి ఎనిమిది గేర్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) బిగించవచ్చు. పాత ఎనిమిది గేర్ల హబ్బు మీద పదకొండు గేర్ల రోడ్డు క్యాసెట్లు మాత్రం చాలావరకు కూర్చోవు. ఈ ఒక్క సంగతి అడగకపోతే, గేర్లు మార్చే రోజున చక్రం కూడా కొనాల్సి వస్తుంది. ఇరుసులు 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్‌వి, అంటే ఫ్రేములోంచి దూర్చి బిగించేవి అయితే మరీ మంచిది, తర్వాత చక్రాలు వెతుక్కోవడం తేలిక.

ఇవన్నీ కుదిరినా ఫ్రేము కొలత నీ ఒంటికి కుదరకపోతే వదిలెయ్. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ మార్చి కొద్దిగా సర్దుకోవచ్చు గానీ ఫ్రేమును సాగదీయలేం.

కొన్న తర్వాత మొదట మంచి టైర్లు వేయించు. తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. గేర్ల జోలికి ఇప్పుడే వెళ్లకు. గేర్లు మార్చే లీవర్లు, చైనును పక్కకు జరిపే డిరైలర్లు, క్యాసెట్, చైను ఒకదానికొకటి పొసగాలి కాబట్టి ఒక్కొక్కటిగా మారిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఉన్నవి అరిగేదాకా తొక్కు. పెడళ్లు సైకిలుతో వస్తాయో లేదో అడుగు, హెల్మెట్‌కూ పంపుకూ కొంత డబ్బు పక్కన పెట్టు.

డబ్బు కట్టేముందు వెనక హబ్బు ఫొటో, ఫ్రేము కొలతల పట్టిక నాకు పంపు. చూసి వెంటనే రాస్తాను.

నీ మిత్రుడు