పాత బడుల అడ్మిషన్ రిజిస్టర్లను తీసుకుపోకండి, ఫొటో తీయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

టై, బూట్లు ఉన్న ప్రతి ఇంగ్లీషు మీడియం బడినీ మనవాళ్లు కాన్వెంటే అంటారు. నిజానికది సిస్టర్లు ఉండే మఠం పేరు. ఇటలీలోని ట్యూరిన్‌లో 1834లో మొదలైన సెయింట్ ఆన్ సిస్టర్ల సంఘం 1871లో సికింద్రాబాద్ వచ్చింది. అక్కడి సెయింట్ ఆన్స్ బాలికల బడి కూడా ఆ ఏడాదిదే.

ఇలాంటి పాత బడుల చరిత్రంటే జూబిలీ సావనీర్లు తిరగేస్తారు. వాటిలో ఫొటోలు, శుభాకాంక్షలే ఎక్కువ. ఏ ఏడు ఎలాంటి ఇళ్ల ఆడపిల్లలు చేరారో, ఏ తరగతిలో ఎందుకు మానేశారో తెలిసేది అడ్మిషన్ రిజిస్టర్లోనే. జనన నమోదు సరిగా లేని రోజుల్లో పుట్టిన పెద్దవాళ్లకు పుట్టినతేదీ రుజువూ తరచు అదే. అందుకే ఆ పేజీలు ఇప్పటికీ తిప్పుతూ ఉంటారు, అంచులు రాలుతూ ఉంటాయి.

పాత నీలి-నలుపు సిరాలో ఇనుము, ఆమ్లం ఉంటాయి. తేమ తగిలితే అక్షరం ఉన్నచోటే కాగితం చిల్లులు పడుతుంది. అట్ట అతికిన గంజికి సిల్వర్ ఫిష్ అనే పురుగు చేరుతుంది. కలరా ఉండలు చెదలను ఆపవు. అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది మాత్రం మంచి మనసుతో చేయించే లామినేషన్: వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. సెల్లోటేప్ కూడా వద్దు. చిరుగుకు పల్చటి జపాన్ కాగితం, మైదా గంజి చాలు. బీరువా గోడకు అరడుగు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉండాలి.

ఫ్లాట్ స్కానర్‌పై బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. రిజిస్టరును సగమే తెరిచి దిండు మీద ఆనించి, పై నుంచి కెమెరాతో 400 డీపీఐకి (అంగుళానికి 400 చుక్కలు) తగ్గకుండా తీయాలి. ఖాళీ పేజీలూ వదలకూడదు, లేకపోతే పేజీ పోయిందో, రాయలేదో తర్వాత తేలదు. ఒక కాపీ బడికి, ఒకటి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, మూడోది వేరే ఊళ్లో.

1993 పబ్లిక్ రికార్డుల చట్టం ప్రైవేటు బడులకు వర్తించదు. 'రికార్డులు సమర్పించండి' అని సర్క్యులర్ వెళితే, మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 30వ అధికరణం గుర్తొచ్చి యాజమాన్యాలు బీరువాకు తాళం వేస్తాయి, తప్పూ పట్టలేం. అసలు రిజిస్టరు బడిలోనే ఉంటుందని, బతికున్నవారి వివరాలు బయటపెట్టబోమని ముందే రాతపూర్వకంగా చెప్పి, ఆర్కైవ్స్ సిబ్బందినే కెమెరాతో పంపండి. పని వేసవి సెలవుల్లో పెట్టించండి. జూన్ వస్తే ఆఫీసు గది నిండా టీసీల రద్దీ, గాలి నిండా తేమ.

ఇట్లు,
పాత రికార్డుల సంరక్షణ పనిలో ఉన్నవాళ్లం