సీట్లు కాదు, తిట్లు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో ఒకే పేజీలో రెండు వార్తలు చూశాను. పైన, తాగి బండి నడుపుతూ దొరికిన వాళ్లకి సీఐ గారు కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారని. కింద, ఇంజినీరింగ్ సీట్లు కేటాయించే ఈఏపీసెట్ తుది విడత కౌన్సెలింగ్ షెడ్యూలు వచ్చిందని. రెండింట్లోనూ నా ఉద్యోగం పేరే ఉంది, రెండింటికీ నాతో ఏ సంబంధం లేదు. నేను గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్లుగా స్టూడెంట్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈ ఒక్క మాట వల్ల నాకెంత తలనొప్పో చెబుదామని రాస్తున్నా, పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

నా గది పరీక్షల సెక్షన్ పక్కనే ఉంటుంది. తలుపు మీద 'కౌన్సెలింగ్ సెల్' అని బోర్డు. ఆగస్టు వచ్చిందంటే చాలు, ఫైళ్లు చంకలో పెట్టుకుని తల్లిదండ్రులు నేరుగా లోపలికి వచ్చేస్తారు. "మేడం, మావాడికి మెకానికల్ వచ్చింది, స్లైడింగ్‌లో సీఎస్సీకి మారొచ్చా?" అని ఒకరు, "ఎంసెట్ రెండో కౌన్సెలింగ్ ఎప్పుడమ్మా?" అని ఇంకొకరు (2021లో పేరు మారినా మా ఊళ్లలో అది ఇంకా ఎంసెట్టే). ఇది సీట్ల కౌన్సెలింగ్ కాదండీ, పిల్లలకి ఏదైనా కష్టంగా ఉంటే వచ్చి మాట్లాడుకునే చోటు అని చెబుతాను. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. పొరపాటున వేరే వార్డులోకి వచ్చేసినట్టు రెండడుగులు వెనక్కి వేసి, "మావాడికి అట్టాంటివేం లేవమ్మా" అని వెళ్లిపోతారు. ఆ అట్టాంటివేం లేనివాడు ఆ పక్కనే తల వంచుకుని నిలబడి ఉంటాడు.

సీట్ల గొడవ నవ్వుకుని వదిలేయొచ్చు. తిట్ల గొడవే కష్టం. క్లాసులో నిద్రపోయాడనో, ల్యాబ్ రికార్డు ఇవ్వలేదనో, ఎవరితోనో తగువు పెట్టుకున్నాడనో, "వీడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి మేడం" అని చీటీ రాసి అటెండర్ని తోడిచ్చి మరీ పంపిస్తారు. వచ్చినవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, నేను నోరు తెరవకముందే "సారీ మేడం, ఇంకోసారి చెయ్యను" అంటాడు. ఏం చెయ్యవు నాన్నా అంటే ఏమీ చెప్పడు. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టడానికే ఐదు నిమిషాలు పడుతుంది.

ఒకసారి అలాగే ఒక రెండో సంవత్సరం కుర్రాణ్ణి పంపారు (ఆనవాలు దొరక్కుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నా). వరుసగా మొదటి రెండు పీరియడ్లు రావట్లేదు, వచ్చినా నిద్రే. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ సారీయే. నాలుగోసారి మాటల్లో మాటగా మాఘమాసం ముహూర్తాల గురించి ఏదో అన్నాడు, అప్పుడు తెలిసింది, రాత్రిళ్లు పెళ్లిళ్లకి కేటరింగ్‌కి వెళ్తున్నాడు. ఒంటిగంట దాకా వడ్డించి, గిన్నెలు ఎక్కించి, తెల్లారుజామున రూముకి చేరి పడుకుంటే పొద్దున తొమ్మిదిన్నరకి క్లాసులో ఎవరుంటారు? నాన్నకి కౌలు మిర్చి, ఆ ఏడు తెగులుతో పోయింది, మెస్ బిల్లుకి ఇంట్లో అడగలేక ఈ పని. ఇక్కడే అసలు కథ ఉంది. మాకు హాజరు 75 శాతం ఉండాలి, 65 దాకా మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు కడితే సర్దుతారు, అంతకంటే తగ్గితే డిటెయిన్, అంటే పై తరగతికి పంపరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ నిలబడాలన్నా ఆ 75 శాతమే చూస్తారు. అంటే వాడు రాత్రికి ఐదారు వందల కోసం వెళ్లి వేలల్లో ఫీజు పోగొట్టుకునే దారిలో ఉన్నాడు, ఆ సంగతి వాడికే సరిగ్గా తెలియదు. వాళ్ల హెచ్‌ఓడీ గారితో మాట్లాడి, మెస్ బిల్లు వాయిదాల్లో కట్టేలా ఒప్పించాను, వాడు కేటరింగ్ శని, ఆదివారాలకి కుదించుకున్నాడు. ఇందులో నేను చేసిన మనస్తత్వ శాస్త్రం ఏమీ లేదు. కానీ తిడతారేమో అన్న భయం లేకపోతే మొదటి రోజే చెప్పేవాడు కదా, మధ్యలో పోయిన ఆ మూడు వారాల హాజరు ఎవరు తెచ్చిస్తారు?

ఒకమ్మాయి సంగతి ఇంకోటి. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం, ఇంటర్ ఒక కార్పొరేట్ హాస్టల్లో, మార్కులు తొమ్మిది వందల పైనే. ఇక్కడికొచ్చాక క్లాసులో ఇంగ్లిష్ వేగం అందక నోరు మూసుకుంది, మొదటి సెమిస్టర్లో మ్యాథ్స్ తప్పింది, నాకసలు బుర్రే లేదని తీర్మానించుకుంది. నా గది దాకా మూడు నాలుగుసార్లు వచ్చి, పరీక్షల సెక్షన్ దగ్గర క్యూలో తెలిసినవాళ్లు కనిపించి వెనక్కి వెళ్లిపోయిందట. ఎందుకమ్మా అంటే, "ఇక్కడికి వస్తే నువ్వేం తప్పు చేశావని అడుగుతారు మేడం" అంది. ఆరేళ్లలో నా ఉద్యోగం గురించి నేను విన్న అతి కచ్చితమైన మాట అదే.

తప్పంతా పేపర్లదే అనను. మా కాలేజీలూ తక్కువేం కాదు. కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే వారం నా గదికి కొత్త సోఫా, రెండు పూలకుండీలు వచ్చాయి, బృందం వెళ్లిన మూడో రోజుకి సోఫా కరస్పాండెంట్ గారి గదికి నడిచిపోయింది. రిజిస్టర్లో పేరు, సమస్య, తీసుకున్న చర్య అని మూడు గడులు గీసి ఇచ్చారు. నమ్మి చెప్పుకున్న పిల్ల పేరు పక్కన ఆమె కష్టం రాసి సంతకం పెట్టించాలా? నేను తేదీ, సంఖ్య మాత్రమే రాస్తాను, దీని మీద గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. వేసవిలో అడ్మిషన్ల టార్గెట్ నాకూ వేస్తారు, జూనియర్ కాలేజీలు తిరిగి బ్రోచర్లు పంచాలి. ఆ రెండు నెలలు మాత్రం నేను నిజంగానే సీట్ల కౌన్సెలర్ని.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌గానీ సైకాలజిస్టుగానీ సోషల్ వర్కర్‌గానీ కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరే బ్యాచీలు చెయ్యకూడదు, నలుగురిలో అవమానించకూడదు. బాగుంది. కానీ చాలామంది దీన్ని వందకి ఒకరు అని చదువుకుంటున్నారు, అలా లేదు, వంద దాటితే కనీసం ఒకరు, అంతే. మా దగ్గర మూడు వేల మందికి పైగా ఉన్నారు, నేనొక్కదాన్ని, లెక్క ప్రకారం మా కాలేజీ కోర్టు మాట పాటించినట్టే. తెలిసిన కొన్ని కాలేజీల్లో ఈ బాధ్యత రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన ఇంగ్లిష్ లెక్చరర్ మీద పడింది, ఆమె క్లాసులు ఆమెకి ఎలాగూ ఉన్నాయి.

ఇంకొక్క మాట, ఇది కూడా మీ డెస్కుకే. పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తల్లో 'ఫెయిలయ్యానన్న మనస్తాపంతో' అనో 'మార్కులు తగ్గాయని' అనో ఒక్క కారణం హెడ్డింగులో పెట్టేస్తారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో అలా ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది ఉన్నారు, అంతమందివీ ఒక్కో ముక్కలో తేలే కారణాలు కావు. అలాంటి హెడ్డింగు వచ్చిన మర్నాడు బ్యాక్‌లాగ్ ఉన్న పిల్లలు నా ముందు కూర్చుని ఆ వార్తే చెబుతారు, ఫెయిలైతే జరిగేది ఇదేనేమో అన్నట్టు. ఇలాంటి వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కారణం తేల్చెయ్యకండి, ఎలా చనిపోయారో వర్ణించకండి, వార్త కింద మానసిక కష్టంలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వెయ్యండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. మా హాస్టల్ నోటీసు బోర్డులో నేనే అంటించాను, రెండుసార్లు మెస్ మెనూ కింద కప్పడిపోయింది.

మళ్లీ మొదటి విషయానికి వస్తా. పోలీసులు ఎవరికైనా గడ్డి పెడితే మందలించారు అని రాయొచ్చు, హెచ్చరించి పంపారు అనొచ్చు, మనకి మాటలకి కరువా? సీట్ల దానికి కేటాయింపు ఉండనే ఉంది, అది సర్కారు వాళ్లు పెట్టిన పేరు కాబట్టి మీరు మార్చలేకపోవచ్చు, పోనీ. ముందు ఆ పోలీస్ స్టేషన్ కౌన్సెలింగ్ అయినా ఆపండి. బోర్డు మీద తెలుగు పేరు పెడదామని నేనూ చూశాను. సలహా కేంద్రం అంటే ఎవరూ రారు, సలహాలు ఇంటి పక్కన ఊరికే దొరుకుతాయి.

మూడో సంవత్సరం పిల్లాడొకడు పోయిన ఏడు నా బోర్డు కింద స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం అంటించాడు: 'ఇక్కడ సీట్లు దొరకవు, తిట్లు కూడా దొరకవు.' ఇన్‌స్పెక్షన్ ఉందని అటెండర్ పీకేస్తే, నేను సొరుగులో దాచి, వాళ్లు వెళ్లాక మళ్లీ అంటించాను. ఇంకా అక్కడే ఉంది.

ఉత్తరం వేస్తే దయచేసి నా పేరు, కాలేజీ పేరు వెయ్యకండి, సోఫా విషయం చదివితే వాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక స్టూడెంట్ కౌన్సెలర్,
గుంటూరు జిల్లా