మూడున్నర రూపాయల వడ్డీ, రెండు రోజుల లేట్ ఫీజు

ఖమ్మం,
13 మార్చి 2023.

నోడల్ అధికారి గారికి,
క్రెడిట్ కార్డుల విభాగం.

విషయం: లేట్ ఫీజు, దాని మీద వేసిన వడ్డీ కలిపి రూ. 1,217.36 వాపసు గురించి. 30 శాతానికి మించి వసూలు చేసిన వడ్డీ గురించి.

ఆర్యా,

ఆరేళ్ళుగా మీ కార్డు వాడుతున్నాను. ఖమ్మంలో జెరాక్స్ షాపు నడుపుతాను. జనవరి 4న నేను పంపిన ఫిర్యాదుకి 27న మీ దగ్గర్నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. క్రెడిట్ కార్డు ఛార్జీల వ్యవహారం సుప్రీంకోర్టులో పెండింగ్‌లో ఉందట, అందుకని ఇప్పుడు ఏమీ చేయలేరట. ఆ కేసు ఏమిటో తెలుసుకున్నాను. నేను అడిగినదాంట్లో ఎక్కువ భాగానికి ఆ కేసుతో సంబంధమే లేదు. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

జరిగింది ఇదీ. 2022 అక్టోబరు 27న ఒక సెకండ్ హ్యాండ్ జెరాక్స్ మెషిన్ కొని, మీ కార్డు మీద రూ. 38,400 గీకాను. నవంబరు 18న బిల్లు వచ్చింది. కట్టాల్సిన ఆఖరు తేదీ డిసెంబరు 6. స్కూళ్ళ వాళ్ళు పరీక్ష పేపర్ల జెరాక్స్ డబ్బులు 8వ తేదీ సాయంత్రం ఇచ్చారు. షట్టర్ దించకముందే మొత్తం 38,400 కట్టేశాను. రెండు రోజులు ఆలస్యమైన మాట నిజం, కాదనను.

డిసెంబరు 18 బిల్లులో నాలుగు వరుసలు వచ్చాయి. వడ్డీ 1,855.82. దాని మీద జీఎస్టీ 334.05. లేట్ ఫీజు 950. దాని మీద జీఎస్టీ 171. వడ్డీ, దాని జీఎస్టీ కలిపి 2,189.87 జనవరి 3న కట్టాను. లేట్ ఫీజు తాలూకు 1,121 మాత్రం ఆపి, మర్నాడే మీకు రాశాను. మీ జవాబు రాకముందే జనవరి 18 బిల్లు వచ్చింది. ఆ 1,121 మీద వడ్డీ 39 రూపాయల 99 పైసలు, జీఎస్టీ 7.20. ఫిబ్రవరి బిల్లులో ఇవన్నీ కలిపేసిన మొత్తం మీద మళ్ళీ 41.67, జీఎస్టీ 7.50. అంటే ఫీజుకీ, ఫీజు మీద పన్నుకీ, ఆ వడ్డీ మీద పన్నుకీ కూడా వడ్డీ పడింది. నా షాపులో కాపీ రెండు రూపాయలు. మీ ఒక్క నెల వడ్డీకి ఇరవై కాపీలు తీయాలి. చిన్న మొత్తమేగా అనుకుంటారేమో, నేను బతికేది చిన్న మొత్తాలతోనే.

సిబిల్ స్కోరు పాడవుతుందన్న టెన్షన్‌తో ఫిబ్రవరి 25న మొత్తం 1,217.36 కట్టేశాను. అభ్యంతరంతోనే కడుతున్నానని అదే రోజు మీకు మెయిల్ కూడా పెట్టాను.

ఇప్పుడు రూల్స్ సంగతి. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన క్రెడిట్, డెబిట్ కార్డుల మాస్టర్ డైరెక్షన్ (బ్యాంకులు పాటించాల్సిన నిబంధనలు) ప్రకారం, గడువు దాటి మూడు రోజులకు మించి బకాయి ఉంటేనే లేట్ ఫీజు వేయాలి. ఆ రోజులు లెక్కపెట్టాల్సింది బిల్లులోని ఆఖరు తేదీ నుంచి. నాది రెండు రోజులు. కాబట్టి ఆ 950 పడకూడదు, దాని మీద పన్నూ పడకూడదు. కట్టని ఛార్జీలనీ పన్నులనీ అసలులో కలిపి వడ్డీ వేయకూడదని కూడా అందులోనే ఉంది. ఆ నిబంధన 2022 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నేను మెషిన్ కొన్నదే ఆ తర్వాత.

ఇక మీరు అడ్డం పెట్టుకున్న కేసు. 2008 జులైలో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక తీర్పు ఇచ్చింది. గడువులోగా పూర్తిగా కట్టని కార్డుదారుల దగ్గర ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని చెప్పింది. నెలనెలా వడ్డీని అసలులో కలపడాన్నీ తప్పుపట్టింది. అప్పట్లో బ్యాంకులు 36 నుంచి 49 శాతం దాకా వసూలు చేస్తున్నాయి. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్ళి 2009లో స్టే తెచ్చుకున్నాయి. తీర్పు వచ్చిన ఏడాది పుట్టిన మా చిన్నోడు ఇప్పుడు తొమ్మిదో తరగతి పరీక్షలు రాయబోతున్నాడు. ఈ 2023 మార్చి నాటికీ కేసు తేలలేదు.

నెలవారీ వడ్డీ కలపడం కూడా ఆ కేసులోనే ఉంది కదా అని మీరు అనొచ్చు. ఉంది. కానీ నేను చూపిస్తున్నది 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2009లో వచ్చిన స్టే పదమూడేళ్ళ తర్వాత వచ్చిన నిబంధనని ఎలా ఆపుతుందో నాకు అర్థం కాలేదు. మీకు అర్థమైతే రాసి పంపండి.

ఆ కేసుతో నిజంగా ముడిపడింది నా బిల్లులో ఒక్కటే, వడ్డీ రేటు. నెలకి మూడున్నర శాతం, ఏడాదికి 42. మా బజారు లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ. ఇక్కడ రెండు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతుంది, మూడు అంటే ముక్కున వేలేసుకుంటారు. కమిషన్ పెట్టిన హద్దు కూడా రెండున్నర రూపాయలే. 38,400కి 42 రోజులకు మీరు తీసుకున్నది 1,855.82. 30 శాతం చొప్పున అయితే 1,325.59 అయ్యేది. జీఎస్టీతో కలిపి తేడా 625.67.

స్టే ఉన్నంతకాలం ఆ తేడా మీ దగ్గరే ఉంటుంది, సరే. నా ఇబ్బంది వేరే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కమిషన్‌కి వెళ్ళడానికి నాకున్న టైము రెండేళ్ళు. బిల్లు వేసిన రోజు నుంచి లెక్కపెడితే 2024 డిసెంబరు 18తో అయిపోతుంది. పద్నాలుగేళ్ళు తేలని కేసు ఈలోగా తేలుతుందని మీరు హామీ ఇవ్వగలరా? అది తేలేదాకా ఆగమంటున్నారు, నా గడువు మాత్రం ఆగదు. రేపు తీర్పు కార్డుదారుల వైపు వచ్చాక మీ దగ్గరికొస్తే "టైము దాటిపోయిందమ్మా" అంటారు.

అందుకని ఇలా చేయండి. లేట్ ఫీజు, దాని వెంట వచ్చిన వడ్డీలు, పన్నులు కలిపి రూ. 1,217.36 పదిహేను రోజుల్లో నా కార్డు ఖాతాలో తిరిగి వేయండి. దీనికి ఏ కోర్టు తీర్పూ అవసరం లేదు. సిబిల్‌కి నా పేరు మీద ఆలస్యం అని పంపి ఉంటే సరిచేయించండి. రూ. 625.67 విషయంలో మాత్రం ఒక కాగితం చాలు: సుప్రీంకోర్టు 30 శాతం పరిమితిని ఖాయం చేస్తే వాపసు ఇస్తామని, అప్పుడు కాలపరిమితి పేరు చెప్పబోమని, ఉత్తరం మీద సంతకంతో. కాల్ సెంటర్ అమ్మాయి నోటిమాట వద్దు. నేను ఫోన్ చేసిన మూడుసార్లూ ఆమె పాపం మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆమె చేతిలో ఏమీ లేదు.

ఈసారి కూడా "కోర్టులో ఉంది" అనే జవాబే వస్తే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పంపిస్తాను. మీ జనవరి 27 మెయిల్ నుంచి ఏడాది టైముంది, దానికి ఫీజు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఇక కాగితాల ఖర్చంటారా, మెషిన్ నాదే.

ఇట్లు,
మీ కార్డుదారు.

జతచేసినవి: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నాలుగు బిల్లులు, డిసెంబరు 8, జనవరి 3, ఫిబ్రవరి 25 చెల్లింపుల రశీదులు, మీ మెయిల్ కాపీ.