‘రాసుకున్నాం’ అంటే సరిపోతుందా?

ప్రియమైన సూర్యం,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు రాయలేదని కోపం వచ్చే ఉంటుంది. మొన్న ఒక సభకు వెళ్లి వచ్చాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. నీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను?

మా పెద్దమ్మగారి ఊరి పక్కన సున్నపురాయి గనికి అనుమతి ఇవ్వాలని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, మనుషుల కంటే పోలీసులే ముందు వచ్చారు. మధ్యాహ్నానికి ఒక పెద్దావిడ మైకు దగ్గరికి వచ్చింది. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో, చేతిసంచిలో పట్టాదారు పాసుపుస్తకం. “మా చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు మీ గని మీదుగానే వస్తుంది కదా బాబూ, తవ్వాక నీళ్లు ఎటు పోతాయి?” అని అడిగింది. “రాసుకున్నామమ్మా, తరువాతివాళ్లు రండి” అన్నారు అధికారులు. ఆమె కదలలేదు. “రాసుకున్నారు సరే, చెప్పేదెవరు?” అంది. ఎవరో వచ్చి మెల్లగా మైకు తీసుకున్నారు.

చెప్పాల్సిన బాధ్యత ఉందిరా! 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, సభకు వచ్చిన ప్రతి మనిషికీ ప్రాజెక్టు పెట్టేవాళ్లను వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి. సభ చివర, ఎవరెవరు ఏమన్నారో ఆ సారాంశాన్ని అక్కడి భాషలో చదివి వినిపించాలి. అది గుర్తుచేస్తే చదివారు. అప్పటికే సగం కుర్చీలు ఎత్తేశారు. ఆ పెద్దావిడ ప్రశ్న అందులో ఎలా మిగిలిందో తెలుసా? “నీటి సమస్యపై ఆందోళన వ్యక్తమైంది.” అంతే. వాగు లేదు, చెరువు లేదు, ప్రశ్న కూడా లేదు. నేను బల్ల దగ్గర నిలబడి వాగు పేరు రాయించేదాకా కదలలేదు. రాశారు, కాదనను. కానీ అడిగేవాడు లేని ఊళ్లలో ఏమవుతోంది?

గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సంగతి ఇంకోటి. అసలుది లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. తెలుగులో దొరికింది సంక్షిప్త సారం మాత్రమే, నిబంధన అడిగేది కూడా అంతే. 2020లో ఆ నోటిఫికేషన్‌నే మార్చే ముసాయిదా వచ్చినప్పుడు, దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. చదవలేని కాగితం చేతిలో పెట్టి అభిప్రాయం చెప్పమనడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

మీ లండన్‌లో బ్రెంట్ కౌన్సిల్ మీద 1985లో బడుల విషయంలో నడిచిన గన్నింగ్ కేసు గురించి నువ్వే ఒకసారి చెప్పావు. జనాన్ని అభిప్రాయం అడిగేటప్పుడు పాటించాల్సిన నాలుగు సూత్రాలు ఆ కేసులోంచే వచ్చాయి: నిర్ణయం ఇంకా రూపుదిద్దుకుంటున్నప్పుడే అడగాలి, ఆలోచించి చెప్పడానికి తగిన కారణాలు చూపాలి, చాలినంత గడువు ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాలను మనసుపెట్టి పరిశీలించాలి. ఆ నాలుగో మాట దగ్గరే నేను ఆగిపోతున్నాను. పరిశీలించారని మనకెలా తెలుస్తుంది? మన దగ్గరా 2014లో కేంద్రం, చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాన్ని వెబ్‌సైటులో పెట్టాలని ఒక విధానం తెచ్చింది. అది విధానమే, చట్టం కాదు. అమలు కాకపోతే దాన్ని పట్టుకుని నిలదీయడం కష్టం.

నాకైతే ఒక్కటే పట్టింపు. ప్రతి ప్రశ్న పక్కనా జవాబు ఉండాలి. ఒప్పుకున్నారా, కాదన్నారా, కాదంటే ఎందుకు? అడిగిన మనిషి భాషలో, ఆ మనిషికి అందేలా. “మీ మాట కుదరదు, కారణం ఇదీ” అని చెప్పినా గౌరవమే. ఏమీ చెప్పకపోతే కలిగే బాధే ఆ రోజు ఆమె ముఖంలో నేను చూసింది.

వచ్చే ఆదివారం మళ్లీ వెళుతున్నాను. వాగు దారి మొత్తం నడిచి, పటం గీసి, ఆమె వేలిముద్రతో తెలుగులో అర్జీ పెడతాం. మీ వీధి గురించి కౌన్సిల్ అడిగినప్పుడు, జనం ఏమన్నారో, ఏం మార్చారో అచ్చువేసి ఇంటికి పంపారని రాశావే, ఆ కాగితం ఫొటో తీసి పంపించు. ఆమెకు చూపించాలి.

నీ
రాఘవ