చంపిన చేతులకు ప్రాయశ్చిత్తం

సంపాదకులు గారికి,

జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు సాగించిన మతయుద్ధాలైన క్రూసేడ్లపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివితే, క్రైస్తవ మతపెద్దలు మొదటినుంచీ యుద్ధాన్ని పుణ్యకార్యంగానే ఎంచారన్న భావన కలుగుతుంది. మొదటి క్రూసేడ్‌కు పిలుపు వెలువడిన 1095కు ముందరి శతాబ్దాలలో సంగతి అంత సూటిగా లేదు.

యుద్ధంలో చంపడాన్ని పూర్వులు హత్యగా లెక్కించలేదని ఒప్పుకుంటూనే, చేతులు శుభ్రంగా లేవు గనుక అటువంటి సైనికులు మూడేళ్లపాటు ప్రభువు బల్లకు (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి) దూరంగా ఉండటం మంచిదేమోనని 4వ శతాబ్దంలో బిషప్ బాసిల్ రాశాడు. ఆ ‘మంచిదేమో’ ఆరు శతాబ్దాలు నిలిచింది: 963–969 మధ్య ఏలిన బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి రెండో నికెఫోరస్, పోరులో మరణించిన తన సైనికులను హతసాక్షులుగా (మతం కోసం ప్రాణమిచ్చినవారిగా) గౌరవించాలని కోరినప్పుడు, అక్కడి చర్చికి పెద్ద అయిన పేట్రియార్క్ పాలీయూక్టస్ తదితరులు సరిగ్గా ఆ నియమాన్నే ఎత్తిచూపి నిరాకరించారు. గెలిచి వచ్చిన చక్రవర్తికి ఆ మాట చెప్పడానికి గుండెధైర్యం కావాలి.

పశ్చిమాన కూడా, 7వ శతాబ్దపు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థియొడోర్ పేరిట ఉన్న నియమావళి, యుద్ధంలో మనిషిని చంపినవాడికి 40 రోజుల ప్రాయశ్చిత్తం విధించింది.

అలాగని మతగురువులు సైన్యాలకు ఎడంగా ఉన్నారనలేము. 791లో మధ్య యూరప్‌లోని అవార్ జాతిపై దండెత్తేముందు ఫ్రాంకుల రాజు షార్లమేన్ శిబిరంలో మూడు రోజులు ప్రార్థనలు జరిగాయి. మాంసం, ద్రాక్షసారా మానాలన్నారు. సారా మానలేని కలిగినవారు రోజుకొక నాణెం దానంగా చెల్లించి తాగవచ్చన్నారు. ఆ వెసులుబాటును రాణికి రాసిన ఉత్తరంలో షార్లమేనే పేర్కొన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం