ప్రశ్నార్థకం పెట్టిన ఇళ్లకు ఎవరూ రారేం?

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లూ వస్తారు. ఓటర్ల జాబితా కాపీలు, కరపత్రాలు, ఏజెంట్ల ఫారాలు నా చేతుల మీదుగానే వెళ్తాయి. రేపు కార్పొరేషన్ ఎన్నికల్లోనైనా ప్రచారం తీరు మారాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

పార్టీలవాళ్లు తెచ్చే జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు ఉంటుంది. ఇదివరకు రంగు పెన్నులతో గీసేవారు. మామూలు జిరాక్సులో రంగులన్నీ ఒకేలా నల్లగా పడుతుంటే అక్షరాల్లోకి మారారు. ‘మ’ అంటే మనవాళ్లు, ‘ఎ’ అంటే ఎదుటివాళ్లు. ఎటూ తేలనివాళ్లకు ప్రశ్నార్థకం. పేజీకి 30 పేర్లుంటే నాలుగైదు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఇంత శ్రమపడి గుర్తులు పెట్టుకున్నాక, తీరా ప్రచారానికి బయల్దేరితే ఆగేది మాత్రం ‘మ’ ఇళ్ల ముందే. అక్కడైతే హారతి పడతారు, శాలువా కప్పుతారు, ఫొటో బాగా వస్తుంది.

ప్రశ్నార్థకం ఇంట్లో నిలదీస్తారు. మా షాపు పై వాటాలో అద్దెకుండే ఒక స్టాఫ్ నర్సు 2024 ఎన్నికలప్పుడు ప్రచారానికి వచ్చినవాళ్లను ఆపి, కుళాయి నీళ్లు మురుగు వాసన వస్తున్నాయి, పైపు ఎప్పుడు మారుస్తారని అడిగింది. ఆవిడ చేతిలో కరపత్రం పెట్టి, జై కొట్టుకుంటూ పక్క వీధిలోకి వెళ్లిపోయారు. ఆ కరపత్రం వేసింది నేనే. కింద ప్రింటరు పేరు, ప్రచురించినవారి పేరు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ చెబుతుంది కాబట్టి ప్రతి కరపత్రాన్నీ చివరి అక్షరం దాకా చూస్తాను. అందులో నాయకుడి ఫొటో ఉంది, ప్రాస కుదిరిన నినాదం ఉంది, ఎదుటి పార్టీ మీద తిట్లున్నాయి. నీళ్ల పైపు ఊసు లేదు.

పోలింగ్‌కు రెండు రోజుల ముందు రాత్రి మాత్రం ఆ ప్రశ్నార్థకం ఇళ్ల తలుపులు తడతారు, కవర్లతో. ఎటూ తేల్చుకోనివాళ్లంటే అమ్ముడుపోయేవాళ్లని లెక్కేసుకోవడం నాకు కడుపు మండే విషయం. ఆలోచించి ఓటేద్దామని ఆగిన మనిషికి దక్కే మర్యాద ఇదా?

కార్యకర్తలే పార్టీకి ప్రాణం, వాళ్లలో ఊపు తెస్తే చాలు అంటారు. ఎండలో ఓటరు స్లిప్పులు పంచేది, ముసలివాళ్లను బూత్ దాకా తీసుకెళ్లేది వాళ్లే, కాదనను. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. అలాంటి చోట సొంతవాళ్లను కదిలిస్తే లాభమే. మన దగ్గర అలా కాదు కదా! 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటింది. అభిమానులు ఎలాగూ వచ్చి ఓటేస్తున్నారు. వాళ్లకు ఇంకెంత ఊపు తెస్తే మాత్రం కొత్తగా వచ్చే ఓట్లెన్ని?

లెక్కలే చూడండి. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొచ్చాయి, 23 సీట్లు మిగిలాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు అదే 39 శాతం, సీట్లు 11. చిత్తుగా ఓడిన రోజున కూడా వంద మందిలో 39 మంది వాళ్ల వెంటే ఉన్నారు. ఆ 39 మందిలో ఉత్సాహం నింపడానికేనా ఇన్ని సభలు, ఇన్ని బైక్ ర్యాలీలు? 2024 ఎన్నికల ముందు భీమిలి నుంచి మేదరమెట్ల దాకా వైఎస్సార్ కాంగ్రెస్ పెట్టిన ‘సిద్ధం’ సభలకు జనం పోటెత్తారు, ఉన్న 175 సీట్లూ మనకే ఎందుకు రావంటూ ‘వై నాట్ 175’ అన్నారు. 2019లో దాదాపు 50 శాతం ఓట్లొచ్చిన ఆ పార్టీకి ఐదేళ్లలో పది శాతం తగ్గిపోయింది. అలా మారిపోయినవాళ్లు ఆ సభల్లో కేకలు వేసినవాళ్లు కారు. అవతల తెలుగుదేశం, జనసేన, బీజేపీలకు పొత్తు కుదిరిన మాట నిజమే గానీ, ఈ పది శాతం తగ్గుదలకు పొత్తు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

మా విజయవాడ సెంట్రల్‌నే తీసుకోండి. 2019లో ఇద్దరికీ చెరి 70 వేలకు పైగా ఓట్లొచ్చాయి, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మల్లాది విష్ణు గారు తెలుగుదేశం అభ్యర్థి బొండా ఉమ గారి మీద 25 ఓట్లతో గెలిచారు. పదమూడు మంది ఇటు నుంచి అటు మారితే ఫలితమే తిరగబడేది. పదమూడు మందంటే మా వీధిలో మూడు నాలుగు ఇళ్లు! ఐదేళ్లు తిరిగేసరికి అదే నియోజకవర్గంలో ఉమ గారు 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అభిమానులు కొత్తగా పుట్టుకొచ్చి ఇంత తేడా తేలేదు, మనసు మార్చుకున్నవాళ్లు తెచ్చారు. పైగా మనసు మార్చుకున్న ఒక్క ఓటు రెండోట్ల పెట్టు, అక్కడ తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది.

సొంతవాళ్ల కోసమే మాట్లాడే ప్రచారంలో భాష కూడా పాడవుతోంది. చప్పట్లు కావాలంటే తిట్టాలి, ఈలలు పడాలంటే ఇంకాస్త గట్టిగా తిట్టాలి. మా ఇంట్లో ఆడపిల్లలు వార్తల ఛానల్ కట్టేసి లోపలికి వెళ్లిపోతున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అక్కడివాళ్లకు ఇప్పుడు కావాల్సింది ఎవరు ఎవర్ని ఏమన్నారో కాదు, మళ్లీ వానాకాలం వస్తే తమ ఇంటి పరిస్థితేమిటన్న దానికి జవాబు.

అందుకే పోటీ చేయబోయేవాళ్లందరికీ నా విన్నపం. మీ దగ్గరున్న జాబితాలో ప్రశ్నార్థకం పెట్టిన ఇళ్లకు డప్పులు లేకుండా, పదిమందిని వెంటేసుకోకుండా వెళ్లండి. కూర్చోండి. అడిగింది రాసుకోండి. చెయ్యలేనిది చెయ్యలేమనే చెప్పండి. కరపత్రం వెనక వైపు ఖాళీగానే ఉంటోంది, ఆ డివిజన్‌లో చేసే నాలుగు పనులు, వాటికి గడువు అక్కడ వేయించండి. కావాలంటే ఆ డీటీపీ నేను ఉచితంగా చేసిపెడతాను, ఏ పార్టీ అయినా సరే.

మీ పత్రికకూ ఒక మనవి. మా కార్పొరేషన్‌లో 64 డివిజన్లున్నాయి. జిల్లా పేజీలో రోజుకు రెండు డివిజన్ల చొప్పున ఓటర్ల ప్రశ్నలు, పక్కనే అభ్యర్థుల జవాబులు ప్రచురించండి. జవాబివ్వనివారి పేరు కింద జాగా ఖాళీగా వదిలేయండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ